మింగి చూసినవాడు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ద్రాక్షపళ్ళు మంచాలెక్కాయి, మనుషులం నేల మీద పడుకున్నాం. మంచాల మీద పాత దుప్పట్లు పరిచి మా ఆవిడ పళ్ళు ఎండబెట్టింది. మేడ మీద ఎండబెట్టొచ్చుగా అంటే పిట్టలు ఒక్కటి మిగలనివ్వవంది. కిటికీలన్నీ తెరిచి, ఫ్యాను కూడా వాటివైపే తిప్పింది. మా అత్తగారు చాప మీద అటూ ఇటూ దొర్లుతూ, ఈ ఇంట్లో ద్రాక్షపళ్ళకున్న మర్యాద తనకి లేకుండా పోయిందని గొణిగేది. గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ గాలి పీల్చి, అబ్బ, ఏం వాసన, అనేవాళ్ళు. ఎలాంటి వాసనో నాకు తెలీదు. నాకు అప్పటికే ముక్కు పనిచెయ్యడం మానేసింది.

ముక్కుతో బతికినవాణ్ణి నేను. టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం నాది. తెల్ల కప్పులు వరసగా పెట్టి, మరిగే నీళ్ళు పోసి, చెంచాతో సర్రున జుర్రి, నోరంతా ఒకసారి తిప్పి, పక్కనున్న డబ్బాలో ఉమ్మేసి, ఏ సరుకు పనికొస్తుందో ఏది రాదో చెప్పాలి. మింగకూడదు. రోజంతా అన్ని కప్పులు మింగితే సాయంత్రానికి మనిషి మిగలడు. చలికాలంలో నాకొచ్చిన జ్వరం పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది. నాలిక మిగిలింది. తీపి, పులుపు, చేదు, ఉప్పు తెలుస్తాయి. మిగతాదంతా ముక్కు పనేనని అంతకుముందు నాకూ సరిగ్గా తెలీదు.

కంపెనీవాళ్ళు మంచివాళ్ళే, పొమ్మనలేదు. తూకాల గదిలోకి మార్చి జీతం తగ్గించారు. నా స్టూలు మీద నా శిష్యుణ్ణి కూర్చోబెట్టారు. శిష్యుడంటే కుర్రాడేం కాదు, మీసాలున్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. వచ్చిన కొత్తలో పచ్చి ఆకుకీ మాడిన ఆకుకీ తేడా తెలీనివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పనంతా నేర్పాను. స్టూలు ఎక్కే ముందు నా దగ్గరకొచ్చి, "అన్నా, మీరు వద్దంటే కూర్చోను" అన్నాడు కూడా. అతనిలో వంకపెట్టడానికి ఏమీ లేకపోవడమే నాకు పెద్ద ఇబ్బంది. ఒక్క తప్పు దొరికినా తిట్టుకుంటూ హాయిగా ఉండేవాణ్ణి.

ఇంట్లో జీతం తగ్గిన సంగతి ముందు వంటింట్లోనే తెలుస్తుంది. మా ఆవిడ అప్పటికే వంతెన అవతల భోజనశాలకి బల్లగుడ్డలు కుట్టిపెట్టేది. ఆ భోజనశాల యజమానురాలు ఒకరోజు మాటల్లో, భోజనమయ్యాక చిన్న గ్లాసులో తియ్యటి వైన్ అడిగేవాళ్ళు ఎక్కువయ్యారని, దుకాణంలో కొంటే మిగిలేదేమీ లేదని, ఎవరైనా ఇంట్లో మంచిగా చేసిస్తే ఏడాది పొడుగునా వాళ్ళ దగ్గరే తీసుకుంటానని అందిట. మా ఆవిడ వెంటనే చేస్తానని చెప్పి వచ్చేసింది. ఎలా చెయ్యాలో ఆ తర్వాత కనుక్కుంది. ఆవిడ పద్ధతే అంత.

దమ్మిడీ వృథా కానివ్వలేదు. మార్కెట్టు మూసే వేళకి వెళ్ళి, మర్నాటికి నిలవని మెత్తబడ్డ పళ్ళు బతిమాలి తెచ్చేది. వాటిని మంచాల మీద ముడతలు పడేదాకా ఎండబెడితే నీరు పోయి తీపి మిగులుతుంది, చక్కెర కొంత కలిసొస్తుంది. పాత సామాన్లవాడి దగ్గర గాజు జాడీలు కొని, వేణ్ణీళ్ళతో తోమి తోమి చేతులు ఎర్రగా చేసుకుంది. పళ్ళు చేత్తో చిదిమి, బేకరీలో అడిగి తెచ్చిన ఈస్ట్ వేసి, జాడీ మూతికి బెలూన్ తొడిగి దానికి సూదితో చిన్న బెజ్జం పెట్టింది. లోపల రసం పులుస్తున్నంతకాలం బెలూన్ నిటారుగా నిలబడేది. వాలిపోతుంటే ఇంకాస్త చక్కెర పోసేది, మళ్ళీ లేచేది. చివరికి ఎంత పోసినా లేవదు, ఈస్ట్ పని అయిపోయిందన్నమాట. అక్కడినుంచి పోసిన చక్కెర తీపిగానే ఉండిపోతుంది. ఎక్కడ ఆపాలన్నదే అసలు విద్య. అది తప్పితే జాడీలూ పళ్ళూ ఆవిడ ఎర్రబడ్డ చేతులూ అన్నీ దండగ, భోజనశాలావిడ ఒక్క గుక్క తాగి వేరేవాళ్ళని చూసుకుంటుంది.

"నా ముక్కు మీద నాకు నమ్మకం లేదు. మీ శిష్యుణ్ణి ఒకసారి రమ్మనండి" అంది మా ఆవిడ.

నేను లేనా అనబోయి ఆగాను. నేనున్నాను, ముక్కే లేదు. సరే చెప్తానన్నాను గానీ చెప్పలేదు. పనిలో మర్చిపోయానన్నాను. మర్నాడూ మర్చిపోయాను. ఇలా కాదని ఆవిడే నా భోజనం డబ్బా పట్టుకుని కంపెనీ గేటు దగ్గరకొచ్చి, నా ఎదురుగానే అతన్ని పిలిచింది. తప్పకుండా వస్తాను వదినా అన్నాడు, చెయ్యి గుండె మీద పెట్టుకుని మరీ.

వచ్చేటప్పుడు కంపెనీ చెంచా తెచ్చుకున్నాడు. అంచు కొంచెం అరిగిన ఆ చెంచా ఎవరి నోట్లో అరిగిందో నాకు తెలుసు. మా ఆవిడ జాడీ నుంచి గ్లాసులోకి వంపి ఇచ్చింది. అతను వెలుతురులో పెట్టి చూశాడు, ముక్కు గ్లాసులోకి దింపాడు, చెంచాడు తీసుకుని సర్రున జుర్రి, బుగ్గలు ఆడించి, మా సింకులో ఉమ్మేశాడు. అన్నీ నేను నేర్పినట్టే చేశాడు, చివరికి ఉమ్మేశాక కనుబొమలు ఎగరెయ్యడంతో సహా. అప్పుడు మొదలుపెట్టాడు. ముందు ఎండుపళ్ళ వాసన, దాని వెనక తడిచెక్క, అడుగున ఎక్కడో కాస్త లవంగం. మా ఆవిడ చేతులు తుడుచుకోవడం మర్చిపోయి వింటోంది. తను చేసినదాంట్లో అన్ని ఉన్నాయని ఆవిడకే తెలీదు పాపం. జ్వరం వచ్చి వెళ్ళాక నా ఏ మాటకీ ఆ మొహం అలా విప్పారడం నేను చూడలేదు.

"తీపి చాలదు వదినా. ఇంకొంచెం" అన్నాడు.

మా అత్తగారు తను కూర్చున్న మెత్తని దిండు తీసి అతని కుర్చీలో వేసింది. ఆ దిండు మీద నేను పొరపాటున చెయ్యి ఆనించినా ఊరుకోని మనిషి. అతను వెళ్ళాక, ఎంత వినయం, ఎంత వినయం అని రెండుసార్లు అంది. రెండోసారి నావైపు చూసి అంది.

అప్పటినుంచి వారానికోసారి వస్తుండేవాడు. వాసనల సంగతి ఎత్తగానే నేను లేచి మెట్ల మీదకి పోయి కూర్చునేవాణ్ణి. లోపలినుంచి నవ్వులు వినబడేవి. ఒళ్ళు మండిపోయేది. వేరే రకం అనుమానమని ఎవరూ అనుకోవద్దు, మా ఆవిడ అలాంటిది కాదు, అతను అసలే కాదు. అదైనా బాగుండేది, గొడవ పెట్టుకోవడానికి ఒక దారుండేది. నా వంటింట్లో, నా పెళ్ళాం చేసిన వస్తువుని, నేను నేర్పిన విద్యతో ఒకడు చూసి చెప్తుంటే, బయట మెట్ల మీద కూర్చున్నవాణ్ణి నేను. ఇందులో ఎవరి మీద గొడవపడాలి? పెళ్ళైన దగ్గర్నుంచి ఆవిడ వండిన ప్రతిదీ మొదటి ముద్ద నాదే. చెంచా పట్టుకుని, ఏమండీ ఇది చూడండి, అంటూ వచ్చేది. ఆ పిలుపు ఆ ఎండాకాలం మానేసింది. నా మీద జాలితోనే మానేసిందని నాకు తెలుసు, అందుకే ఇంకా మండేది.

నాకు మిగిలిందల్లా ఎంగిలి. అతను గ్లాసులో ఒక్క చెంచాడు తీసుకునేవాడు, తక్కినది అలాగే ఉండేది. చక్కెర పోసి చేసింది పారబోస్తామా, మీరు తాగెయ్యండి, అని మా ఆవిడ నా చేతిలో పెట్టేది. అత్తగారికి షుగరు, ఆవిడ ముట్టదు. మా ఆవిడకి రెండు గుక్కలకే తల తిరుగుతుంది. కాబట్టి ప్రతివారం ఆ గ్లాసు మెట్ల మీద కూర్చుని నేనే ఖాళీ చేసేవాణ్ణి. ముక్కు లేని నోటికి అందులో మూడే సంగతులు తెలిసేవి. తీపి, వెనకాలే కొంచెం పులుపు, గొంతు దిగేటప్పుడు వేడి. నిజం చెప్పాలంటే మొదట్లో బాగానే ఉండేది. తాగాక ఇంకాస్త ఉంటే బాగుండుననిపించేది. పైకి అనలేదనుకోండి.

ప్రతివారం అతను ఇంకొంచెం అనేవాడు, ఆవిడ పోసేది. వేసవి ముదిరిన కొద్దీ చక్కెర డబ్బా చప్పుడు ఎక్కువైంది. ఒక సాయంత్రం మెట్ల మీద గ్లాసు సగం అయ్యాక నా చెయ్యి పైకి లేవలేదు. నోరంతా జిగురు. నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ ప్రయత్నించాను, వల్ల కాలేదు. నాకేదో ఒంట్లో బాగాలేదనుకున్నాను. తర్వాతి వారం సగం దాకా కూడా వెళ్ళలేదు. అప్పుడు తట్టింది నాకు. ఈ ఇంట్లో ఈ వైన్ తాగుతున్నది నేనొక్కణ్ణే.

లోపలికెళ్ళాను. మా ఆవిడ జాడీల మూతులు తుడుస్తోంది.

"తీపి ఎక్కువైంది" అన్నాను.

"అతను ఇంకా చాలదన్నాడు."

"అతను ఉమ్మేస్తున్నాడు."

"మీరూ ఉమ్మేసేవాళ్ళేగా. రుచి చూడటమంటే అదేగా?"

"టీకి అది చాలు. ఇది తాగేది. చెంచాడు నోట్లో తిప్పి ఉమ్మేస్తే ఎంత తీపైనా ముద్దుగానే ఉంటుంది. గ్లాసు తాగమను, సగానికి మొహం మొత్తుతుంది."

ఆవిడ తుడవడం ఆపి నావైపు చూసింది. ఇన్ని వారాల నా మూతి ముడుచుకోవడాలూ, మెట్ల మీదకి పోవడాలూ అన్నీ ఆ చూపులో ఉన్నాయి.

"మీరు అసూయతో అంటున్నారు" అంది మెల్లిగా.

"అసూయే. కడుపు రగిలిపోతోంది. అయినా తీపి ఎక్కువే."

అంత మాట నా నోట వస్తుందని నేనే అనుకోలేదు. చాప మీదనుంచి అత్తగారు తల ఎత్తింది. మా ఆవిడ కాసేపు ఆ గుడ్డని మడతపెడుతూ నిలబడింది. ఇంత శ్రమా ఎవరి మాట మీద పెట్టాలన్నది ఆవిడ ముందున్న ప్రశ్న. ఒకవైపు పనిచేసే ముక్కు, ఇంకోవైపు కుళ్ళుకుంటున్న మొగుడు. నేనైనా ముక్కువైపే పోయేవాణ్ణి.

"ఎప్పటిదాకా గ్లాసు ఖాళీ చెయ్యగలిగారు?" అని అడిగింది చివరికి.

చెప్పాను. ఆవిడ లెక్క చూసుకుని, మూల ఉన్న జాడీ చూపించింది. అది అన్నిటికన్నా ఆఖర్న మొదలుపెట్టింది, బెలూన్ ఈమధ్యే వాలిపోయింది, మిగతావాటికి పోసిన పై చక్కెరలేవీ దానికింకా పడలేదు.

"దీన్ని ముట్టుకోను. మిగతావి అతను చెప్పినట్టే. భోజనశాలావిడ రుచి చూడటానికి వచ్చినప్పుడు రెండూ పెడతాను" అంది. నా మాట నమ్మిందని కాదు, కొట్టిపారెయ్యలేకపోయింది.

భోజనశాలావిడ మధ్యాహ్నపు రద్దీ తగ్గాక వచ్చింది. చెమటలు కక్కుతూ వచ్చి ఫ్యాను కింద కూలబడింది. శిష్యుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందే వచ్చి దిండు మీద కూర్చున్నాడు. నాకు అత్తగారి పక్కన చాప దొరికింది. మా ఆవిడ రెండు గ్లాసులు తెచ్చి పెట్టింది, ఏది ఏదో చెప్పలేదు. చూడగానే నాకు తెలిసిపోయింది. ఎక్కువ చక్కెర పడ్డది గ్లాసు అంచునుంచి బద్ధకంగా దిగుతుంది.

భోజనశాలావిడ ముందు దాన్నే తీసుకుంది. వాసన చూసింది, తాగింది, తల ఊపింది. "చాలా బాగుంది" అంది. శిష్యుడు సిగ్గుపడ్డాడు. మా ఆవిడ నావైపు చూడలేదు. భోజనశాలావిడ ఇంకో గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టి, తన వంటవాడి గురించి మొదలుపెట్టింది. వాడికి ఉప్పు తక్కువైందంటే కోపం, ఎక్కువైందంటే అలక. చెప్తూ చెప్తూ గ్లాసు కోసం చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. సగం అలాగే ఉంది. ఆ తర్వాత రెండో గ్లాసు అందుకుంది. వంటవాడు పోయినవారం అలిగి వెళ్ళిపోయిన సంగతి, బతిమాలి తెచ్చుకున్న సంగతి, మళ్ళీ పోతానంటున్న సంగతి అన్నీ చెప్పింది. మధ్యమధ్యలో గుక్క వేస్తూ, ఏం తాగుతున్నదీ పట్టించుకోకుండా, గ్లాసు ఖాళీ చేసింది. మాట ఆపకుండానే ఖాళీ గ్లాసు మా ఆవిడవైపు చాపింది.

మా ఆవిడ పోసింది. అప్పుడు ఒక్కసారి నావైపు చూసింది.

"ఇదే పంపించమ్మా, ఏడాదంతా" అంది భోజనశాలావిడ, లేచేటప్పుడు. గుమ్మం దగ్గర నాతో, "వాసన కూడా ఎంత కమ్మగా ఉందో, కదండీ" అంది. అవునండీ అన్నాను. శిష్యుడు గోడవైపు చూశాడు.

ఆవిడ వెళ్ళాక అత్తగారు ఎవరిది నచ్చిందని అడిగింది. మీ అల్లుడిదని మా ఆవిడ చెప్పింది. ఆయనకి ముక్కే లేదుగా అంది అత్తగారు, చాలా న్యాయంగా. శిష్యుడు తను తీపి పెంచమన్న జాడీలోది గ్లాసు నిండా వంపుకున్నాడు. జుర్రలేదు, తిప్పలేదు, మామూలు మనిషిలా తాగాడు. సగానికి వచ్చేసరికి ఆగి గ్లాసు కింద పెట్టాడు.

"మొహం మొత్తింది అన్నా. మింగి చూడాలని నాకు తట్టనే లేదు" అన్నాడు. "వదినా, ఆ జాడీల్లో పుల్లటి రసం కలిపి సరిచెయ్యొచ్చు. అన్న చెప్తాడు ఎంతో."

ఇంకెవరైనా అయితే తప్పు ఎండ మీదో, చక్కెర మీదో తోసేవాళ్ళు. ఆ మాత్రం సంతోషం కూడా నాకు దక్కనివ్వలేదు. అయినా చంకలు గుద్దుకోవాల్సిన రోజే అది. మా ఆవిడ మూల జాడీలోంచి కొంచెం వంపి, నా పక్కనే నిలబడి, "ఎక్కడ ఆపాలో మీరు చెప్పండి ఇకనుంచి" అంది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట. ఆ మాట అన్నాక గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూతలు పడ్డాయి. తాగలేకపోతే వాసనైనా చూడనీ అని అత్తగారు చెయ్యి చాపింది. ఆవిడ చూసి శిష్యుడికి ఇచ్చింది. శిష్యుడు చూసి మళ్ళీ మా ఆవిడకి ఇచ్చాడు. ముగ్గురూ ఒక్క గ్లాసు మీదకి వంగి ఉన్నారు. ఆ తీపి నాది. నేను చెప్పిన చోట ఆగిన తీపి. అందులో ఏముందో ఆ గదిలో ప్రతివాళ్ళకీ తెలుసు, నాకు తప్ప. ఆ ఎండాకాలం మొత్తంలో అంత అసూయ నేనెప్పుడూ పడలేదు.

శిష్యుడు సెలవు తీసుకుని మెట్లు దిగుతుంటే వెనకాలే వెళ్ళాను.

"అందులో వాసన ఎలా ఉంది?" అన్నాను.

అతను ఆగాడు. "ఎండుపళ్ళు..." అని మొదలుపెట్టాడు.

"అవి మీ వదినకి చెప్పే మాటలు. నాకు చెప్పు."

రెయిలింగు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నేను రుచి గదిలో అలా మూసుకునేవాణ్ణి.

"కప్పు కారి మన గిడ్డంగిలో పొగ పట్టించిన టీ సరుకు తడిసిపోయింది గుర్తుందా అన్నా? అన్నీ పారెయ్యమన్నారు. మీరు ఒక పెట్టె అడుగుదాకా చెయ్యి పెట్టి, తడవని ఆకు పిడికెడు తీసి నా ముక్కు దగ్గర పెట్టారు."

"గుర్తుంది."

"అది. దాంట్లోంచి పొగ తీసెయ్యండి."

తీసేశాను. నేనూ కళ్ళు మూసుకున్నాను. పెట్టె చెక్క, నా అరచేతి చెమట, ఆ ఆకు. ఒక్కొక్కటే వస్తున్నాయి. వస్తున్నది ముక్కులోంచి కాదు, ఇంకా లోపల ఎక్కడినుంచో.

"ఇప్పుడు దాని మీద తేనె. మామూలుది కాదు, అడవినుంచి వచ్చిన నల్ల తేనె ఒకసారి మీరు నాకు రుచి చూపించారు చూడండి, అది. చాలా కొంచెం, మూత తీసి పెట్టినంత."

వచ్చింది. మెట్టు మీద కూర్చున్నాను. నాకు తెలిసిన వాసనలన్నీ వీడి దగ్గర ఉన్నాయి, నేనే చేతులారా పెట్టాను, ఇక వీడు ఇస్తేనే నాకు. ఆ మాట తోచగానే కడుపు మళ్ళీ భగ్గుమంది. కొంచెం జరిగి, పక్కన చోటిచ్చాను.

"కూర్చో" అన్నాను. "ఇంకా ఏముంది?"